అవ్వ పెట్టెలోని పాత దుడ్లు: దేనికి ధర ఉంది, దేనికి లేదు

పోయిన ఉగాదికి ఇల్లు దులుపుతుంటే మా వీధి చివర టైలర్ అన్నకు వాళ్ళ నాయన ట్రంకు పెట్టెలో ఐదు రూపాయల నోటు ఒకటి దొరికింది. పచ్చ నోటు, వెనక ట్రాక్టర్ బొమ్మ. ఒక రోజు అంగడికి తాళం వేసి మా ఇంటికి వచ్చినాడు. "అన్నా, ఇది ట్రాక్టర్ నోటే గదా? ఐదు లక్షలంట!" నోటు విప్పి చూశాను. నాలుగు మడతలు, ఒక మూల చిరుగు, మధ్యలో ఎవరో పెన్నుతో వేసిన కూడిక లెక్క. "నాకైతే ఐదు రూపాయలకు ఇవ్వు, తీసుకుంటా" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. నోటు అమ్మిపెడతామన్న వాళ్ళకు అప్పటికే "రిజిస్ట్రేషన్" కింద 1,850 రూపాయలు కట్టేశాడని మరుసటి రోజు వాళ్ళ ఇంటామె చెప్తే తెలిసింది.

నేను ఉండేది గుత్తిలో. ఇరవై ఏళ్ళుగా పాత నాణేలు పోగేస్తున్నాను, కాబట్టి ఈ ప్రశ్న నెలకు రెండు మూడు సార్లైనా నా గుమ్మం తొక్కుతుంది. పాత డబ్బుకు ముఖవిలువ కన్నా ఎక్కువ వస్తుందా? కొన్నిటికి వస్తుంది. చాలావాటికి రాదు. మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో ఒక సాయంత్రం కూర్చుంటే మీరే తేల్చుకోవచ్చు, ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు.

పాతదైతే ధర ఉంటుందన్న మాట ముందు మరిచిపోండి. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 1808 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి నాణేలు, మద్రాసు ప్రెసిడెన్సీకి పంపిన పది కాసులు, ఇరవై కాసుల బిళ్ళలు. ఇంగ్లండులో ముద్రించి వాటిని అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడలో ఎక్కించారు. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లండు తీరం దాటకముందే తుఫానులో మునిగిపోయింది. దాదాపు 175 ఏళ్ళ తర్వాత లక్షల కొద్దీ నాణేలు పైకి తీశారు. దాంతో రెండు వందల ఏళ్ళు దాటిన నాణెం ఇవాళ హోటల్లో భోజనం ఖర్చు అంత పెడితే దొరుకుతుంది. అదే 1939 నాటి జార్జి రాజు వెండి రూపాయి, అసలుది దొరికితే, సేకరణదారులు ఎగబడతారు. ఎన్ని మిగిలాయి, ఎంత బాగా మిగిలాయి, కావాలనేవాడు ఎంతమంది? ధరను తేల్చేవి ఈ మూడే.

ముందు చింతపండు పక్కన పెట్టండి

పెట్టె తెరవగానే మన చేతులు ఊరుకోవు. నల్లబడిన రూపాయి కనిపిస్తే చింతపండు, రాగి బిళ్ళ కనిపిస్తే పీతాంబరి. దయచేసి వద్దు. నీళ్ళతో కూడా వద్దు.

ఇది చదివి నేర్చుకున్నది కాదు. డిగ్రీలో ఉండగా గుత్తి కోట కింద ఒక ముసలాయన దగ్గర ఏనుగు బొమ్మ ఉన్న రాగి నాణెం కొన్నాను. టిప్పు సుల్తాను కాలంలో గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి ఇక్కడ టంకశాల నడిపారు. ఆ పేరు పారసీ అక్షరాల్లో నాణెం వెనక ఉంటుంది. మా ఊళ్ళోనే పుట్టిన నాణెం అని మురిసిపోయి, చింతపండు వేసి, బూడిదతో రుద్ది రుద్ది తళతళలాడించాను. తర్వాత బెంగళూరులో నాణేల ప్రదర్శనకు పట్టుకుపోతే అక్కడి పెద్దమనిషి అద్దం కింద పెట్టి చూసి, "స్నానం చేయించినారా?" అని ఒక్క మాట అడిగి వెనక్కి ఇచ్చేశాడు. రెండు వందల ఏళ్ళలో రాగి మీద కట్టిన ముదురు రంగు పొర, నాణేనికి అదే చర్మం లాంటిది. దాన్ని గీకేస్తే కింద గీతలు పడతాయి, అక్షరాల అంచులు అరుగుతాయి. పొర తిరిగి రాదు. ఆ నాణెం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, పేపర్లు ఎగరకుండా.

పట్టుకునేటప్పుడు అంచుల మీద పట్టుకోండి. నోట్లను ఇస్త్రీ చేయకండి, టేపు అంటించకండి, లామినేషన్ అసలే చేయించకండి. లామినేట్ చేసిన నోటును సేకరణదారులు ముట్టుకోరు.

గుడ్డ పరిచి కుప్పలు పోయండి

మెత్తని గుడ్డ, మంచి వెలుతురు, ఫోన్ కెమెరా, ఒక చిన్న అయస్కాంతం, రెండు దశాంశాల దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. త్రాసు ఆన్‌లైన్లో కొన్ని వందలకే వస్తుంది, లేదంటే తెలిసిన ఆచారి దగ్గర తూకం వేయించుకోండి.

నాణేలను ఇలా విడగొట్టండి: రాజు రాణి తలలున్నవి ఒక పక్క, వాటిలో తెల్లవి వేరు, రాగివి వేరు. 1957 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నయా పైసలు, పైసలు ఇంకో పక్క. ఇప్పుడు నడిచే రూపాయి, రెండు, ఐదు, పది ఒక పక్క. ఏ అక్షరాలో కూడా తెలియని మొద్దు బిళ్ళలు చివరి కుప్ప. నోట్లు విడిగా.

వెండి కుప్ప

డబ్బు వచ్చే కుప్ప సాధారణంగా ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి కాలం నాటి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక పాత తులం. అందులో వెండి 91.7 శాతం. 1940 నుంచి యుద్ధం పుణ్యమా అని వెండిని సగానికి తగ్గించారు, బరువు మాత్రం అంతే. 1947కు వచ్చేసరికి వెండి పూర్తిగా పోయి నికెల్ అయింది. వెనక పులి బొమ్మ ఉన్న ఆ 1947 రూపాయిని చాలా ఇళ్ళలో "వెండి రూపాయి" అని దాచుకుంటారు. అయస్కాంతం పెట్టండి, టక్కున అంటుకుంటుంది. నికెల్‌కు ఆ గుణం ఉంది, వెండికి లేదు.

ఇప్పుడు ఒక గుణకారం. 1939కి ముందరి రూపాయిలో అసలు వెండి సుమారు 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చినదైతే 5.83 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో హెచ్చించండి. లెక్క సులువు కోసం గ్రాము వంద రూపాయలనుకుంటే మొదటిది 1,069, రెండోది 583. ఇది నేల. ఇంతకన్నా తక్కువకు ఎవరు అడిగినా తల అడ్డంగా ఊపండి. వెండి బంగారు అంగళ్ళలో పాత రూపాయిని కరిగించే సరుకుగానే చూస్తారు, తరుగు కూడా తీస్తారు. అది వాళ్ళ వ్యాపారం, తప్పుపట్టలేం. కానీ అక్కడ ఇచ్చేముందు ఆ నేల మీద ఇంకేమైనా ఉందా అని చూడాలి.

ఉందో లేదో మొహం చెబుతుంది. విక్టోరియా జడ పాయలు, కిరీటంలో నగిషీ, జార్జి రాజు అంగీ మీద చిన్న ఏనుగు స్పష్టంగా కనిపిస్తున్నాయా? అన్నట్టు ఆ ఏనుగుకో కథ ఉంది. 1911లో అచ్చయిన మొదటి రూపాయిల్లో తొండం పొట్టిగా పడి అది పందిలా కనిపించింది. జనం మండిపడ్డారు, ప్రభుత్వం నాణేలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి బొమ్మ సరిచేసింది. అందుకే 1911 రూపాయిని సేకరణదారులు "పంది రూపాయి" అంటారు, మామూలు వాటికన్నా ఎక్కువ ఇస్తారు.

1939 అంకె కనిపిస్తే మాత్రం ఎగిరి గంతేయకండి. దానికి నకిలీలు బోలెడు. బరువు 11.66కు దగ్గరగా ఉందా (అరిగితే రొంత తగ్గుతుంది, ఒక గ్రాము తగ్గితే అనుమానించాలి), అంచు చుట్టూ పోత గీత ఏమైనా కనిపిస్తోందా, అక్షరాలు సబ్బు మీద చెక్కినట్టు మెత్తగా ఉన్నాయా చూడండి. బరువు సరిపోయి, ఆ గీత, ఆ మెత్తదనం లేకపోతే అప్పుడు నిపుణుడికి చూపించండి.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. సుగాలి తండాల్లోనే కాదు, చాలా ఇళ్ళలో పాత రూపాయలకు కొక్కేలు అతికించి దండలు చేయించుకునేవాళ్ళు. కొక్కెం పెట్టిన నాణెం, కొక్కెం పీకేసిన నాణెం రెండూ వెండి ధరకే పోతాయి. దండ మొత్తంగా ఉంటే విడగొట్టకండి, పాత నగగా దానికి వేరే విలువ ఉంటుంది.

స్వాతంత్ర్యం తర్వాతి వెండి కూడా కొందరి దగ్గర ఉంటుంది. 1969 గాంధీ బొమ్మ పది రూపాయల నాణెం 15 గ్రాములు, అందులో 80 శాతం వెండి. 1972లో స్వాతంత్ర్యం పాతికేళ్ళ పండగకు వచ్చిన పది రూపాయలు 22.5 గ్రాములు, సగం వెండి. పది రూపాయలే కదా అని ఎవరికైనా చదివింపుల్లో ఇచ్చేయకండి.

రాగి కుప్ప

మన వైపు డబ్బును దుడ్డు అంటాం. దుడ్డు అన్నా, డబ్బు అన్నా ఒకప్పుడు రాగి నాణేల పేర్లే. అర్ధణా, కాని, బేడ, ఈ పేర్లు మా అవ్వ నోట విన్నాను గానీ చేత్తో వాడలేదు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు.

ఐదో జార్జి, ఆరో జార్జి కాలం నాటి రాగి కానులు, 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కానులు ఇంటింటా ఉన్నాయి. పిల్లల మొలతాళ్ళకు కట్టారు, బోల్టులకు వాషర్లుగా వేశారు. అరిగినవి పదికో ఇరవైకో పోతాయి. రంగు కూడా చెడని కొత్త బిళ్ళకు ఇంకొంత వస్తుంది. అంతకుమించి ఆశ వద్దు.

మొద్దు బిళ్ళల కుప్ప మాత్రం జాగ్రత్త. విజయనగర రాజుల కాసులు, మైసూరు ఏనుగులు, కంపెనీ కాసులు, అన్నీ ఈ నేల మీద నడిచినవే. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసేదాకా ఎవరి రాజ్యం వస్తే వాళ్ళ టంకం తిరిగింది. అక్షరాలు చదవలేకపోతే రెండు వైపులా నీడ పడకుండా ఫోటో తీసి, బరువు రాసి, తెలిసినవాళ్ళకు చూపించండి. బంగారు వరహా గానీ దొరికితే, చిన్నగా అరగుండీ అంత ఉంటుంది, దాని గురించి వీధిలో చెప్పకండి.

ఇక మోసపు బిళ్ళలు. ఒక వైపు ఈస్టిండియా కంపెనీ అని, 1818 అని, ఇంకో వైపు రాముల వారి పట్టాభిషేకమో ఆంజనేయస్వామో ఉంటుంది. కంపెనీ ఎప్పుడూ అలాంటి నాణెం వేయలేదు. అవి తర్వాతి కాలంలో తయారైన గుడి బిళ్ళలు. పూజలో పెట్టుకోవడానికి బాగుంటాయి, అమ్మడానికి కాదు. వీటినే చూపించి "బియ్యం గింజను లాక్కుంటుంది, ఇరిడియం ఉంది, విదేశీ కంపెనీ కోట్లు ఇస్తుంది" అని రైస్ పుల్లింగ్ ముఠాలు తిరుగుతాయి. బియ్యాన్ని లాగే లోహం లోకంలో లేదు. లాగేది మీ దుడ్లు.

పైసలు, రూపాయలు

ఈ కుప్ప పెద్దది, విలువ చిన్నది. కాబట్టి త్వరగా ముగిద్దాం.

సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, వజ్రం ఆకారం ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. కొన్ని సంవత్సరాల్లో ఏదో ఒక టంకశాల తక్కువ ముద్రించి ఉంటుంది, సేకరణదారులు వెతికేది దాన్నే. ఈ సరదా పట్టుకుంటే ఆదివారాలు తెలియకుండా గడిచిపోతాయి, లాభం మాత్రం పెద్దగా ఉండదు.

వైష్ణోదేవి అమ్మవారి బొమ్మతో 2012లో వచ్చిన ఐదు రూపాయల నాణేనికి లక్షలు వస్తాయని చెబుతారు. అది ఇప్పటికీ కిరాణా అంగడి గల్లాపెట్టెలో కనిపిస్తుంది. కనిపించే వస్తువుకు లక్షలు ఎవరిస్తారు?

చెల్లుబాటు సంగతి కూడా చెప్పుకోవాలి. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. యాభై పైసలు మాత్రం చట్టప్రకారం ఇంకా చెల్లుతుంది, మన అంగళ్ళలో ఎవరూ తీసుకోకపోయినా సరే. పది రూపాయల నాణెం ఏ డిజైన్‌దైనా చెల్లుతుంది, పద్నాలుగు రకాలున్నాయని 2018లో రిజర్వ్ బ్యాంకే చెప్పింది. కాబట్టి "ఇది పాత డిజైన్" అని ఎవరైనా వెనక్కి ఇస్తే వాదించండి.

నిజంగా పట్టించుకోవలసింది ముద్రణ తప్పులు. బొమ్మ పక్కకు జరిగి సగం బిళ్ళ ఖాళీగా ఉండటం, రెండు వైపులా ఒకే బొమ్మ పడి ఒకటి లోపలికి గుంటగా ఉండటం, ఇలాంటివి. రైలు పట్టా మీద పెట్టి చప్పట చేసింది, సుత్తితో కొట్టింది తప్పు కిందికి రావు. గుత్తి జంక్షన్ పిల్లలం మేమందరం ఆ పని చేసినవాళ్ళమే, చూస్తే తెలిసిపోతుంది.

నోట్లు

నోటుకు ప్రాణం దాని స్థితి. ఒక్క మడత కూడా పడని, ఫెళఫెళలాడే నోటుకు వంద వచ్చేచోట అదే నోటు నలిగితే ముఖవిలువ మీద ఐదో పదో వస్తుంది. పాత కట్టల్లో పిన్ను గుచ్చేవాళ్ళు కాబట్టి రెండు చిన్న రంధ్రాలను సేకరణదారులు క్షమిస్తారు. పెన్ను రాతను, నూనె మరకను క్షమించరు.

రూపాయి నోటు చేతిలోకి తీసుకుని "గవర్నర్ సంతకం లేదు, ప్రింటింగ్ తప్పు" అని సంబరపడేవాళ్ళను చూశాను. రూపాయి నోటు వేసేది రిజర్వ్ బ్యాంకు కాదు, కేంద్ర ప్రభుత్వం. అందుకే దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. 1917 నవంబరు 30న మొదలైన ఈ నోటు 1994లో ఆగి, 2015లో మళ్ళీ వచ్చింది. ఐదో జార్జి బొమ్మ ఉన్న మొదటి కాలపు రూపాయి నోటు మీ దగ్గర ఉంటే మాత్రం ఇక్కడే చదవడం ఆపి, దాన్ని రెండు అట్టల మధ్య భద్రంగా పెట్టండి.

మిగతా నోట్లలో సంతకం చూడండి. కొద్దికాలమే పదవిలో ఉన్న గవర్నర్ల సంతకాలకు గిరాకీ. బి.ఎన్. అదార్కర్ 1970లో ఆరు వారాలు మాత్రమే గవర్నరుగా ఉన్నారు. గాంధీ శతజయంతి నోట్ల మీద, గాంధీ కూర్చుని ఉన్న బొమ్మతో వచ్చినవి, కొన్నిటిపై ఎల్.కె. ఝా సంతకం, కొన్నిటిపై అదార్కర్ సంతకం ఉంటుంది. రెండోది పట్టుకోవాలి. వై.వి. రెడ్డి సంతకం ఉన్న నోట్లకు ధర ఎంత అని కడప నుంచి నన్ను అడిగినవాళ్ళు ఉన్నారు. ఆయన కడప జిల్లావాడని మనకు ప్రేమ ఉండొచ్చు, కానీ 2003 నుంచి 2008 దాకా ఐదేళ్ళు నోట్లు అచ్చయ్యాయి. కొత్తది ఒకటి ఆల్బంలో పెట్టుకోండి, నేనూ పెట్టుకున్నాను.

యాభై రూపాయల పాత నోటు వెనక పార్లమెంటు భవనం ఉంటుంది. 1975లో వచ్చిన మొదటి నోట్లలో భవనం మీద కర్ర ఉంది, జెండా లేదు. తర్వాతి వాటిలో జెండా వచ్చింది. జెండా లేని నోటు మంచి స్థితిలో ఉంటే దానికి అడిగేవాళ్ళున్నారు.

కర్నూలు, కడప పాతబస్తీల్లో ఇంకో నోటు వెతకవచ్చు. హజ్ యాత్రికుల కోసం 1959లో రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా పది, వంద రూపాయల నోట్లు వేసింది. రంగు వేరు, నంబరు ముందు హెచ్.ఏ. అని ఉంటుంది. మన దేశంలో అవి చెల్లేవి కావు, కాబట్టి యాత్ర నుంచి తిరిగొచ్చిన తాతలు గుర్తుగా దాచుకున్నవే మిగిలాయి. ఖురాన్ పేజీల మధ్యో, పాస్‌పోర్టు లోపలో ఉండొచ్చు. ఈ వ్యాసంలో నేను చెప్పిన నోట్లలో నిజంగా నిద్ర లేపే నోటు ఇది.

786 నంబరు నోటుకు నమ్మకం ఉన్నవాళ్ళు ప్రేమతో కొంత ఎక్కువ ఇస్తారు, లక్షలు ఇవ్వరు. నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు ఉన్న నోటు నకిలీది కాదు, అచ్చులో పాడైన నోటు స్థానంలో పెట్టినది. 2006 నుంచి ఇవి ఉన్నాయి, చెల్లుతాయి. 111111, 100000, 000001 లాంటి నంబర్లకు, అది కూడా కొత్త నోటుకే, నిజమైన గిరాకీ ఉంటుంది.

2016 నవంబరు 8న రద్దయిన 500, 1000 నోట్లు పదికి మించి ఉంచుకోవడం నేరం. 2017 చట్టం ప్రకారం జరిమానా పది వేలు, లేదా ఆ నోట్ల ముఖవిలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది. అధ్యయనానికో సేకరణకో అయితే పాతిక దాకా ఉండొచ్చు. రెండు వేల నోటు వేరే సంగతి. దాన్ని 2023 మేలో వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు గానీ రద్దు చేయలేదు, హైదరాబాద్ రిజర్వ్ బ్యాంకు కార్యాలయానికి తపాలా ద్వారా పంపి ఖాతాలో వేయించుకోవచ్చు. చెదలు తిన్నవి, చిరిగినవి ఉంటే ఏ బ్యాంకు బ్రాంచికైనా పట్టుకెళ్ళండి. యాభై రూపాయలు, ఆపైన నోట్లకు 80 శాతానికి మించి మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం.

ధర ఎలా తెలుసుకోవాలి

ఆన్‌లైన్లో ఒకడు ట్రాక్టర్ నోటుకు ఐదు లక్షలని పెట్టాడంటే అది వాడి కోరిక, ధర కాదు. మా ఇంటి ముందున్న వేప చెట్టుకు నేనూ కోటి రూపాయలని బోర్డు పెట్టగలను. చూడాల్సింది ఎంతకు అమ్ముడుపోయింది అన్నది. వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలను ఫోటోలతో సహా తమ సైట్లలో ఉంచుతాయి. మీ నాణెం సంవత్సరం, టంకశాల గుర్తు, స్థితి మూడూ కలిసే దాన్ని వెతికి, ఒకటి కాదు, నాలుగైదు అమ్మకాలు చూడండి. నుమిస్టా అనే ఉచిత సైట్‌లో ప్రతి నాణెం బరువు, లోహం దొరుకుతాయి. వ్యాపారుల భాషలో యుఎన్‌సి అంటే చేతులు మారనిది, వీఎఫ్ అంటే కొద్దిగా అరిగినది అని అర్థం. మీది మీకు ఎంత బాగా కనిపిస్తే దానికి ఒక మెట్టు కిందికి దించి లెక్కేసుకోండి. మన బిడ్డ మనకు ముద్దు.

అమ్మేటప్పుడు

పది ఇరవై రూపాయల సరుకును అమ్మడానికి బస్సు ఛార్జీ దండగ. పిల్లలకు ఇవ్వండి. వెండి కుప్పలో మంచివి, హజ్ నోటు లాంటివి ఉంటేనే బయల్దేరండి. మన జిల్లాలకు దగ్గర్లో బెంగళూరు, హైదరాబాద్, చెన్నైల్లో నాణేల ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఒకే హాలులో పదుల కొద్దీ వ్యాపారులు ఉంటారు. మొదటి బల్ల దగ్గర అమ్మకండి. నాలుగు బల్లల దగ్గర చూపించి, చెప్పిన ధర చీటీ మీద రాసుకుని, అన్నం తిని, అప్పుడు వెనక్కి వెళ్ళండి. ఎవరైనా "అంతా కలిపి ఇంతిస్తా" అంటే ఆ కుప్పలో వాళ్ళ కన్ను దేని మీద పడిందో గమనించండి. ఖరీదైన వస్తువైతే వేలంలో పెట్టడం మేలు, కమిషన్ ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. నాణేన్ని ఎవరికైనా వదిలి రావాల్సి వస్తే ఫోటో, బరువు రాసిన రసీదు లేకుండా వదలకండి.

వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దేశంలో అమ్ముకోవచ్చు గానీ విదేశాలకు పంపకూడదు. కువైట్‌లో ఉన్న బావమరిది ద్వారా అమ్మిద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

ఫోన్ వస్తే

టైలర్ అన్నకు జరిగింది ఇదీ. ఆన్‌లైన్ ప్రకటన చూసి నోటు ఫోటో పంపాడు. అరగంటలో ఫోన్. "మీ నోటు సెలెక్ట్ అయింది సార్." రిజర్వ్ బ్యాంకు ముద్రతో ఒక సర్టిఫికెట్ వాట్సాప్‌కు వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు 1,850. కట్టాక జీఎస్టీకి 8,500 అడిగారు. అది కట్టడానికి అప్పు కోసం తిరుగుతూ, మధ్యలో నా దగ్గరికి వచ్చాడు కాబట్టి అక్కడితో ఆగింది.

పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడంలో తనకు ఏ సంబంధమూ లేదని, తన పేరుతో ఎవరు ఛార్జీలు అడిగినా మోసమేనని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటోలు పంపి ఉంటే బ్యాంకుకు కూడా చెప్పండి.

చేనులో దొరికితే

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నడిచే సీమ మనది. వజ్రం దొరకని వాళ్ళకు కొన్నిసార్లు నాణెం దొరుకుతుంది. కుండ దొరికినా, పది బిళ్ళలు దొరికినా, భూమిలో దాచినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. తహసీల్దారు ఆఫీసులోనో పోలీసు స్టేషన్‌లోనో చెప్పి, చెప్పినట్టు కాగితం తీసుకోండి. ఆ చట్టంలో దొరికినవాళ్ళకు వాటా ఉంది. దాచిపెడితే వాటా పోయి కేసు మిగులుతుంది. గుప్తనిధులని రాత్రిళ్ళు గుళ్ళ వెనక తవ్వే వాళ్ళతో మాత్రం టీ కూడా తాగకండి.

ఇంట్లో మిగిలినవి

అమ్మేవి తీసేశాక ఏం మిగులుతాయో వాటిని తేమ లేని డబ్బాలో, ఒక్కొక్కటి విడిగా చిన్న కాగితం కవర్లలో పెట్టండి. మెత్తని ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్ళకు జిగట వదిలి నాణేలను పచ్చగా మారుస్తాయి. అనంతపురం ఎండ మనకు మేలు చేసే చోటు ఇదొక్కటే, ఇక్కడ నోట్లకు బూజు తక్కువ. చెదలు చూసుకోండి చాలు.

మా అవ్వ పెట్టెలో మిగిలినవి తామర పువ్వు ఇరవై పైసలు. 1968 నుంచి కొన్నేళ్ళు వచ్చిన పసుపుపచ్చ బిళ్ళలు. బంగారం కలిపారని అవ్వ గట్టిగా నమ్మింది. కలపలేదు, అది ఇత్తడి జాతి. అయినా వరలక్ష్మీ పూజకు నూట ఎనిమిది ఉండాలని చిల్లరలో వచ్చిన ప్రతిదీ కొంగుకు ముడేసేది. ఆమె పోయాక లెక్కపెడితే నూట ఏడు ఉన్నాయి. మా ఇంటామె అప్పటినుంచి అడుగుతూనే ఉంది. మీ కుప్పలో ఒకటి ఎక్కువ ఉంటే, చింతపండు తగలనిదైతే, ముప్పై రూపాయలు ఇస్తాను.